దృష్టినాడి మరల మొలచునా?

నీటికాసుల వ్యాధిని గురించి గత కొన్ని సంవత్సరములుగా మన దినపత్రికలలోను, చేతిఫోనులలోను ఒకే ధోరణి వార్తలు తరచుగా కనుపించుచున్నవి. చచ్చిన నాడీకణములకు శాస్త్రజ్ఞులు ప్రాణము పోసిరనియు, దెబ్బతిన్న దృష్టినాడి తిరిగి మొలచుచున్నదనియు, గ్లాకోమా రోగులకు పోయిన చూపు మరల వచ్చు రోజులు దగ్గరపడినవనియు వాటి సారాంశము. ఈ వార్తలకు ఆధారమగు పరిశోధనలు నిజమైనవే. వాటిలో కొన్ని మిక్కిలి గొప్పవి కూడ. వచ్చిన చిక్కెల్లయు పరిశోధనకును, పత్రికలో అచ్చుపడిన వాక్యమునకును నడుమ జరిగిన మార్పులో ఉన్నది. ఆ మార్పును పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా వ్యాధి స్వరూపమును కొంచెము జ్ఞాపకము చేసికొందము. కంటి లోపలి గోడకు అంటుకొని యుండు పలుచని పొర నేత్రపటలము, అనగా రెటీనా. దానిలో చిట్టచివరి వరుస నాడీకణములకు గాంగ్లియన్ కణములని పేరు. ఒక్కొక్క కణము నుండి ఒక్కొక్క సన్నని తంతువు బయలుదేరును. ఇంచుమించు పది పండ్రెండు లక్షల తంతువులు ఒక కట్టగా చేరి కంటి వెనుక నుండి మెదడునకు పోవును. ఆ కట్టయే దృష్టినాడి. ఈ తంతువులు కంటిగ్రుడ్డును విడిచి వెలుపలికి పోవుచోట గోడకు జల్లెడవలె రంధ్రములు కలవు. కంటి ముందుభాగములో నిరంతరము ఊరుచుండు ద్రవము సరిగా బయటికి పోనప్పుడు లోపలి ఒత్తిడి పెరుగును. సామాన్యముగా అది 10 మొదలు 21 మిల్లీమీటర్ల పాదరసము వరకు ఉండును. ఒత్తిడి పెరిగినను, లేదా ఒత్తిడి మామూలుగానే ఉండి నాడి దానికి తట్టుకొనలేకపోయినను, ఆ జల్లెడ యొద్ద తంతువులు నలిగి, క్రమముగా వాటికి మూలమైన కణములు నశించును. ముందుగా పోవునది ప్రక్కచూపు. ఎదుట నున్న అక్షరము చివరివరకు కనబడుచునే యుండును. ఒక కంటిలో పోయిన భాగమును రెండవ కన్ను పూరించును. అందువలన రోగికి తన నష్టము తెలియదు.

మన పల్లెలలో ఈ వ్యాధిని మోతిబిందువుతో కలిపివేయుట పరిపాటి. మోతిబిందు అనగా శుక్లము, కంటిలోని కటకము మసకబారుట. మసకబారిన కటకమును తీసి కృత్రిమ కటకమును అమర్చినచో చూపు వచ్చును. ఈ ఏడు వీలుకాకున్న పై ఏడు చేయించుకొనవచ్చును. 'పొర ముదరనీ' అని పెద్దలు చెప్పు మాట ఆ రోగము నుండి పుట్టినదే. నీటికాసులలో అట్టి ఆలస్యమునకు తావులేదు. పోయినది పొర కాదు, తీగ. ఈ భేదమును మనసులో నుంచుకొనిననే నాడి మరల మొలచుట యను వార్తయొక్క బరువు తెలియును.

ఇక వార్తల సంగతి. 'పునరుజ్జీవనము' అను ఒక్క మాటక్రింద మూడు వేరువేరు పనులు దాగియున్నవి. చావబోవు కణమును చావకుండ కాపాడుట ఒకటి. కణము బ్రతికియుండగా తెగిన దాని తంతువును తిరిగి పెంచుట మరియొకటి. కణమే పూర్తిగా నశించినపుడు దాని స్థానమున క్రొత్త కణమును పుట్టించి, దానికి తంతువు మొలిపించి, మెదడులో తగిన చోటికి చేర్చుట మూడవది. పొలములో ఎండుచున్న మొక్కకు నీరు పెట్టుట, కొమ్మ విరిగిన మొక్క చిగిర్చుట, చచ్చిన మొక్క స్థానమున క్రొత్త విత్తు నాటుట ఒకటే యని ఏ రైతైనను ఒప్పుకొనునా? మొదటిది వైద్యులు నేడును చేయుచున్నారు. ఒత్తిడి తగ్గించు చుక్కల మందులు, లేజరు, శస్త్రచికిత్స అందులకే. రెండవది చిట్టెలుకలలో కొంతవరకు సాధింపబడినది. మూడవది క్షీరదములలో ఇంకను ప్రారంభదశలోనే యున్నది. వార్తలు వ్రాయువారు రెండవదానిని చూచి మూడవదాని పేరు పెట్టుచున్నారు. గ్లాకోమాతో చూపు పూర్తిగా పోయినవానికి కావలసినది మూడవది; కనుక ఈ పొరపాటు చిన్నది కాదు.

నాడి మొలచుటను గురించిన అన్వేషణ క్రొత్తది కాదు. స్పెయిన్ దేశపు మహాశాస్త్రజ్ఞుడు కహాల్ 1928లో తన బృహద్గ్రంథమున, పెద్ద ప్రాణుల మెదడులోను వెన్నుపాములోను తెగిన తంతువులు మరల పెరగవని నిర్ధారించెను. దృష్టినాడి చూచుటకు నాడియే గాని నిర్మాణమున మెదడులోని భాగమే. కనుక ఆ శాసనము దానికిని వర్తించెను. చేతివ్రేలి నరము తెగినచో మెల్లగా తిరిగి పెరుగును, దృష్టినాడి పెరగదు. చేపలకు, కప్పలకు ఈ నిర్బంధము లేదు. 1940 దశకములో అమెరికాలో స్పెర్రీ అను శాస్త్రజ్ఞుడు కప్ప దృష్టినాడిని కోసి, కంటిగ్రుడ్డును తలక్రిందులుగా త్రిప్పి అమర్చెను. నాడి తిరిగి పెరిగినది. కప్పకు చూపు వచ్చినది. కాని ఈగ పైన వ్రాలినచో కప్ప క్రిందికి నాలుక చాచెడిది! జీవితాంతము అది అట్లే చేసెను. అనగా ప్రతి తంతువును మెదడులో తన పూర్వపు స్థానమునే వెదకికొని పోయి చేరినదన్నమాట. ఈ ప్రయోగము నాకు మిక్కిలి ఇష్టమైనది. విద్యార్థులకు చెప్పినప్పుడెల్ల తరగతిలో నవ్వులు పుట్టును. కాని అందులోని పాఠము గట్టిది. తంతువు పెరిగినంత మాత్రమున చాలదు, అది చేరవలసిన చోటికి చేరవలెను.

క్షీరదముల దృష్టినాడి ఏల పెరగదు? తంతువునందే శక్తి లేదా, లేక పరిసరములు అడ్డుకొనుచున్నవా? 1980 దశకములో కెనడాలోని మాంట్రియల్ నగరమున ఆల్బర్ట్ అగ్వాయో బృందము ఎలుక దృష్టినాడిని కోసి, దానికి కాలి నరపు ముక్కను అతికిరి. దృష్టినాడి తంతువులు ఆ ముక్కగుండ చాల దూరము పెరిగినవి. కొన్ని మెదడును చేరి అచటి కణములతో సంబంధము కూడ ఏర్పరచుకొన్నవి. కనుక శక్తి కొంత ఉన్నది, పరిసరములే ప్రతికూలములు. అదే దశకము చివర స్విట్జర్లండులో మార్టిన్ ష్వాబ్ తంతువులను చుట్టియుండు మైలిన్ పొరలోనే ఎదుగుదలను నిరోధించు పదార్థములున్నవని చూపెను. తరువాత దృష్టి మరల కణము లోపలికి మళ్ళినది. 2008లో అమెరికాలో జిగాంగ్ హీ బృందము కణపు పెరుగుదలకు కళ్ళెము వేయు ఒక జన్యువును, పి.టి.ఇ.ఎన్. అనుదానిని, చిట్టెలుకల గాంగ్లియన్ కణములలో తొలగించిరి. నలిపిన దృష్టినాడిలో తంతువులు మునుపెన్నడును చూడనంతగా పెరిగినవి.

ఇచట విమర్శకుడు రెండు విషయములు గుర్తింపవలెను. ఆ ప్రయోగములో జన్యువును తొలగించినది నాడిని నలుపుటకు ముందు. రోగి వైద్యుని యొద్దకు వచ్చునది నష్టము జరిగిన తరువాత. రెండవది, ఆ జన్యువు శరీరములో ఊరక కూర్చున్నది కాదు. అది చెడినప్పుడు కంతులు పుట్టును. మనుష్యుని కంటిలో కళ్ళెము తీసివేయుట అంత తేలికగా తలపెట్టదగిన పని కాదు.

తరువాతి సంవత్సరములలో వచ్చిన ఫలితములు ఆశ్చర్యకరములు. 2012లో బెనోవిట్జ్ బృందము కొన్ని తంతువులు కంటి నుండి మెదడు దాక పెరిగినవని ప్రకటించిరి. 2016లో వెలువడిన మరియొక పరిశోధన నా అభిప్రాయమున ఈ శాస్త్రమంతటిలోను ఎక్కువ ఆలోచింపజేయునది. తిరిగి పెరిగిన తంతువులు మెదడును చేరి, అచటి కణములతో అతుకులు కూడ వేసికొన్నవి. అయినను ఎలుకకు చూపు మెరుగుపడలేదు. కారణమేమి? క్రొత్త తంతువులపై మైలిన్ పొర ఏర్పడలేదు. పైతొడుగు లేని తీగలో విద్యుత్తు ఎట్లు వ్యర్థమగునో అట్లే సంకేతము దారిలోనే క్షీణించినది. సంకేతప్రసారమును హెచ్చించు మందు నిచ్చినప్పుడు మాత్రమే చూపు కొంత బాగుపడినది. చూడుడు: కణము బ్రతుకవలెను, తంతువు పెరగవలెను, దారి తప్పకుండ పోవలెను, సరియైన చోట అతుకవలెను, పైతొడుగు రావలెను. ఒక్కటి లోపించినను చూపు రాదు. పత్రికా శీర్షిక రెండవ మెట్టు దగ్గరనే పండుగ చేసుకొనుచున్నది.

ఇక మన పత్రికలలో ఎక్కువ ప్రచారము పొందిన పరిశోధన 2020 డిసెంబరులో 'నేచర్' పత్రికలో వెలువడినది. హార్వర్డు విశ్వవిద్యాలయమున డేవిడ్ సింక్లెయిర్ ప్రయోగశాలలో యువాన్‌చెంగ్ లూ మొదలగువారు చేసిన పని యిది. దీని పూర్వకథ జపానులో ఉన్నది. 2006లో యమనాక నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి, ముదిరిన చర్మకణమును పిండదశలోని మూలకణము వంటి దానినిగా మార్చవచ్చునని చూపెను. అందులకు 2012లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. లూ బృందము ఆ నాలుగింటిలో కంతులకు కారణము కాగల ఒకదానిని వదలి, మిగిలిన మూడింటిని ఒక నిరపాయమైన వైరస్ ద్వారా చిట్టెలుకల గాంగ్లియన్ కణములలోనికి పంపిరి. కణము మూలకణముగా మారిపోకుండ, తన గుర్తింపును నిలుపుకొనుచునే కొంత యౌవనమును పొందినది. కంటిలో సూక్ష్మమైన పూసలను నింపి ఒత్తిడి పెంచిన చిట్టెలుకలలో, పోయిన చూపులో సుమారు సగము తిరిగి వచ్చెనని వారు కనుగొనిరి.

ఈ పరిశోధనకు ఇవ్వవలసిన గౌరవము ఇవ్వవలెను. గ్లాకోమా వంటి నష్టము జరిగిన తరువాత చికిత్స చేసి చూపును మెరుగుపరచుట ఇందలి విశేషము. 2008 నాటి ప్రయోగమునకు లేని బలము దీనికి కలదు. అయితే ఆ చిట్టెలుకలలో ఒత్తిడి పెరిగియున్నది కొన్ని వారములే. మన రోగిలో వ్యాధి పది, ఇరువది సంవత్సరములు నడచును. చిట్టెలుక చూపును కొలిచిన పద్ధతి కూడ పరిశీలింపదగినది: చుట్టును కదలుచున్న నలుపుతెలుపు చారలను అనుసరించి అది తల త్రిప్పునా లేదా అని చూతురు. ఇది ఒక అసంకల్పిత చర్య. మనుమరాలి ముఖము గుర్తించుట, బస్సు మీది ఊరిపేరు చదువుట వంటిది కాదు. అన్నింటికంటె ముఖ్యము, తిరిగి పనిచేసిన కణములు బ్రతికియున్నవి. నీరసించిన కణము కోలుకొన్నదే గాని చచ్చిన కణము లేచి రాలేదు. ఆ వ్యాసకర్తలు చచ్చిన కణములు బ్రతికినవని వ్రాయలేదు. ఆ వాక్యము దారిలో చేరినది. 2023లో ఇదే పద్ధతిని కోతులపై ప్రయోగించిన ఫలితములను ఒక వైజ్ఞానిక సభలో వెల్లడించిరి. అచట చికిత్స చేసినది నీటికాసులకు కాదు, దృష్టినాడికి రక్తప్రసారము హఠాత్తుగా తగ్గుటవలన కలుగు వేరొక వ్యాధి వంటి స్థితికి. ఈ భేదమును కూడ వార్తలు పాటింపలేదు. చిట్టెలుక దృష్టినాడి కొలది మిల్లీమీటర్ల పొడవు మాత్రమే. మనుష్యునిది నాడులు కలిసికొను కూడలి వరకే సుమారు అయిదు సెంటీమీటర్లు. ఆపైన మెదడులో ఇంకను పోవలసియున్నది.

అదే 2023 మే నెలలో న్యూయార్కులో ఒక వ్యక్తికి ముఖములో కొంతభాగముతో పాటు పూర్తి కంటిని మార్పిడి చేసిరి. ప్రపంచమున అది మొదటిది. అతికిన కంటిలో రక్తము చక్కగా ప్రవహించినది, గ్రుడ్డు ఆకారము చెడలేదు. చూపు మాత్రము రాలేదు. ఇంత నేర్పరులైన శస్త్రవైద్యుల చేతిలో కూడ ఆగిపోయిన చోటు దృష్టినాడియే. ఈ వార్త మన పత్రికలలో 'కంటి మార్పిడి విజయవంతము' అని వచ్చినది. విజయము అనునది ఎంతవరకో చాలమందికి తెలియలేదు.

మన రాష్ట్రమునకు సంబంధించిన మరియొక గందరగోళము కలదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారిచే స్థాపింపబడినది. అచట ఈ శతాబ్దము మొదటి సంవత్సరముల నుండియు రసాయనములు పడి, కాలి పాడైన కార్నియా పైపొరను మూలకణముల సహాయముతో బాగుచేయుచు, ప్రపంచములో మంచిపేరు తెచ్చుకొనిరి. ఇది నిజమైన, నిరూపితమైన విజయము. 'హైదరాబాదులో మూలకణములతో చూపు తెప్పించిరి' అను మాట వరంగల్లు దాటి మారుమూలకు చేరునప్పటికి, ఏ కంటిరోగమునకైనను అది పనిచేయునను నమ్మకముగా మారుచున్నది. కార్నియా కంటి ముందరి అద్దము, రక్తనాళములు లేనిది, దాని పైపొర సహజముగానే మాటిమాటికి పునరుద్ధరింపబడునది. దృష్టినాడి వెనుకనున్న తీగలకట్ట. ఒకదాని విజయము రెండవదానికి హామీ కాజాలదు. ఈ నమ్మకమును సొమ్ముచేసికొను దుకాణములు లోకమున లేకపోలేదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రమున ఒక ప్రైవేటు చికిత్సాలయము రోగుల కొవ్వునుండి తీసిన మూలకణములను వారి రెండు కండ్లలోనికి ఎక్కింపగా ముగ్గురు స్త్రీల చూపు దారుణముగా దెబ్బతిన్నది. 2017లో ఈ సంగతి వైద్యపత్రికలో ప్రకటింపబడినది. వారి వ్యాధి గ్లాకోమా కాదు, గాని పాఠము ఒకటే. మన దేశములోను అదే సంవత్సరము భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శక సూత్రములను ప్రకటించి, కొన్ని రక్తసంబంధమైన వ్యాధులకు తప్ప మూలకణములను ఆమోదింపబడిన పరీక్షలకు వెలుపల చికిత్సగా వాడరాదని చెప్పినది. దృష్టినాడికి మూలకణముల చికిత్స చేయుదుమని సొమ్ము అడుగువారు ఈ సూత్రమును అతిక్రమించుచున్నారన్నమాట.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో ఈ వార్తలను ఎవరు ఎట్లు చదువుచున్నారో గమనించినచో, ఈ విమర్శ పండితుల వాదము మాత్రమే కాదని తెలియును. మహబూబాబాదు దగ్గర ఒక పల్లెలో, నాకు పరిచయమున్న మిరపరైతు ఒకరికి రెండు కండ్లలోను ఈ వ్యాధి ఉన్నది. రోజును వేసుకొనవలసిన చుక్కల మందు మానివేసిరని విని అడిగితిని. "మందు ఏసుకుంటలేవట, ఎందుకు పెద్దనాయినా?" అనగా, "ఏసుకుంటె సూపు పెరుగుతలేదు గద బిడ్డా! గా నరం మల్ల మొలిపిచ్చే మందు వత్తాందట, మనుమడు ఫోన్ల జూపిచ్చిండు. గది వచ్చినంక జూసుకుంట" అనిరి. ఆ మాటలో తర్కము లేకపోలేదు. చుక్కల మందు చూపును పెంచదు, ఉన్నదానిని నిలుపును. నిలిచినదానిని మనిషి లాభముగా లెక్కింపడు. రాబోవు మందు కూడ బ్రతికియున్న కణములకే పనిచేయునని, ఇప్పుడు మందు మానినచో రేపు ఆ మందుకు పనిచేయుటకు కణమే మిగులదని ఆయనకు ఆ వార్త చెప్పలేదు. చెప్పవలసిన ఒక్క వాక్యము అదియే.

చుక్కల మందు వట్టిదను భావమునకు సమాధానము కలదు. అమెరికాలో కంటి ఒత్తిడి ఎక్కువగా ఉండి ఇంకను వ్యాధి రాని 1,636 మందిని రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు మాత్రము ఒత్తిడి తగ్గించు చుక్కలు ఇచ్చిరి. అయిదు సంవత్సరములలో మందులేనివారిలో నూటికి 9.5 మందికి వ్యాధి తలయెత్తగా, మందు వాడినవారిలో నూటికి 4.4 మందికే వచ్చినది. ఈ ఫలితము 2002లో వెలువడినది. దీనికి పెద్ద శీర్షికలు రాలేదు!

మన ప్రజలలో వ్యాధి పరిస్థితిని తెలుపు లెక్క కూడ ఉన్నది. ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనమను పేర ఎల్.వి. ప్రసాద్ సంస్థవారు 1996లో ప్రారంభించిన సర్వేలో, హైదరాబాదు నగరమున 2,522 మందిని పరీక్షించిరి. వారిలో నీటికాసులలో సామాన్యమైన రకము 27 మందికి నిశ్చయముగా ఉన్నట్లు తేలెను. ఆ 27 మందిలో వ్యాధి యున్నదని ముందే తెలిసినవారు ఇద్దరే. సగముకంటె ఎక్కువమందిలో నష్టము అప్పటికే తీవ్రస్థితికి వచ్చినది. మూడింట రెండువంతుల మందిలో కంటి ఒత్తిడి 22కు లోపలనే యున్నది. అనగా ఒత్తిడి ఒక్కటే కొలిచియున్నచో వారు తప్పిపోయెడివారు. నగరములోనే ఇట్లున్నప్పుడు, రైలు కూడ లేని భూపాలపల్లి అడవిపల్లెల సంగతి ఊహింపవచ్చును.

తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టు 15న ప్రారంభించి, 2023 జనవరిలో రెండవమారు నిర్వహించిన కంటివెలుగు కార్యక్రమము ఊరూరికి కంటిపరీక్షను తెచ్చినది. మెచ్చదగిన పని. కాని దాని ప్రధాన ఫలము కళ్ళద్దములు. అక్షరముల పట్టీని చదివించుట ద్వారా నీటికాసులు పట్టుబడవు. పైన చెప్పినట్లు చివరివరకు ఆ అక్షరములు కనబడుచునే యుండును. కంటిలోనికి చూచి నాడి ముఖమును పరిశీలించువారు కావలెను. హెల్మ్‌హోల్ట్జ్ 1851లో కనిపెట్టిన నేత్రదర్శిని అందుకు మొదటి సాధనము. అంత పాత పరికరము వాడు నేర్పు నేటికిని ప్రతి మండలమునకు అందలేదు. వరంగల్లులో ప్రాంతీయ నేత్రవైద్యశాల కలదు. ప్రభుత్వ వైద్యకళాశాలలు మహబూబాబాదులో 2022లోను, జనగామలోను భూపాలపల్లిలోను 2023లోను ప్రారంభమైనవి. కనుక ఈ పరీక్షకు తగిన చోటు వెనుకటివలె హైదరాబాదు మాత్రమే కాదు.

మరియొక మాట ఇచట చెప్పక తప్పదు. మిరపకాయలు ఏరు దినములలో కండ్లు మండి ఎఱ్ఱబడినప్పుడు, చీటీ లేకుండ మందుల దుకాణములో కొని వేసికొను చుక్కలలో కొన్ని స్టెరాయిడు కలిసినవి. ఎఱుపు వెంటనే తగ్గును. నెలల తరబడి వాడినచో కొందరిలో కంటి ఒత్తిడి పెరిగి, అదియే నీటికాసులకు దారితీయును. నాడిని మరల మొలిపించు జన్యువులను గురించి సగము పుట వ్రాయు పత్రిక, ఈ సీసాను గురించి నాలుగు పంక్తులు వ్రాయుట నేను ఇంతవరకు చూడలేదు.

పరిశోధన నిలువదు, నిలువకూడదు. మనుష్యులలో జరుగు తొలి పరీక్షలు ముందుగా చూచునది మందు అపాయకరమా కాదా అనునదే; చూపు సంగతి ఆ తరువాత. అట్టి వార్త వచ్చిన నాడు పాఠకులు అడుగవలసినది, ఎన్ని కండ్లకు చేసిరి, వ్యాధి ఏ దశలో ఉన్నది, చికిత్స నష్టమునకు ముందా వెనుకనా, చూపును దేనితో కొలిచిరి, ఎన్ని నెలలు నిలిచినది అని. ఈ ప్రశ్నలకు సమాధానములున్న వార్త తెలుగులో వచ్చిననాడు దానిని ఈ పుటలలోనే మరల పరిశీలింతము.